కింది ఇంటి సిగరెట్ పొగ పాప గదిలోకి వస్తోంది, ఏం చేయాలి?

చెల్లెమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. హనుమకొండ నక్కలగుట్టలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తులో కిరాయికి ఉంటున్నారు. సరిగ్గా మీ కింద రెండో అంతస్తులో సొంత ఫ్లాట్ ఉన్న ఒక పెద్దాయన రాత్రి భోజనం అయ్యాక బాల్కనీలో కూర్చుని సిగరెట్లు తాగుతారు. ఆ పొగ మీ బెడ్‌రూంలోకి వస్తోంది. పొద్దున పూట బాత్రూంలో కూడా అదే వాసన. రెండేళ్ల పాపకు తరచూ పిల్లికూతలు, ఆయాసం. మీ ఓనర్ ‘కొంచెం సర్దుకుపోండి’ అన్నారు. మీ ఆయన కిందికి వెళ్లి గట్టిగా అడిగేస్తానంటున్నారు. మీకేమో లొల్లి అవుతుందని టెన్షన్.

మీ ఆయన్ని ఇవాళ కిందికి పంపకండి. అలాగని సర్దుకుపోవద్దు కూడా. నేను సివిల్ ఇంజనీరుగా హనుమకొండలో అపార్ట్‌మెంట్లు కట్టించాను, తర్వాత మేం ఉండే అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ కార్యదర్శిగా చాలా ఏళ్లు ఉన్నాను. నీళ్ల తగాదాల తర్వాత నా దగ్గరికి ఎక్కువగా వచ్చినవి ఇలాంటి తగాదాలే. తగ్గినవాటిలో ఒక విషయం కనిపించింది. పొగ ఏ దారిన వస్తోందో ముందు కనిపెట్టి, తాగే మనిషిని ఒక చిన్న, స్పష్టమైన కోరిక కోరినవాళ్లకు పని జరిగింది. ‘మీ సిగరెట్లతో చస్తున్నాం’ అని మొదలుపెట్టినవాళ్లకు ఏళ్లు గడిచినా జరగలేదు.

ముందుగా ఒక మాట. మీది అతి కాదు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవని తేలింది. ఇంత పీలిస్తే ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదు. పెద్దవాళ్లకంటే చిన్నపిల్లలు వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్ల శ్వాస నాళాలు సన్నగా ఉంటాయి. అందుకే అదే గదిలో అదే పొగ మీకు చికాకు పుట్టిస్తే పాపకు ఆయాసం తెస్తుంది. ఆస్తమా ఎక్కువ కావడం, ఛాతీలో ఇన్ఫెక్షన్లు, చెవి నొప్పి, ఇవన్నీ పొగ తగిలే పిల్లల్లో ఎక్కువ. 2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వేలో పెద్దవాళ్లలో 38.7 శాతం మంది తమ ఇంట్లో ఇతరుల పొగ పీలుస్తున్నట్టు తేలింది. ఇంత మామూలు అయిపోయింది కాబట్టే మీ ఓనర్ సర్దుకుపొమ్మన్నారు.

పాపను పిల్లల డాక్టరుకు చూపించారా? చూపించకపోతే అది అన్నిటికంటే ముందు. చూపించి ఉంటే మరోసారి వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. ‘ఈ పాపకు పొగ తగలకుండా చూడాలి’ అని చీటీ మీద రాయించండి. డాక్టర్లు నోటితో చెబుతారు, అడిగితేనే రాస్తారు. ఆ ఒక్క వాక్యం తర్వాత ఓనర్ దగ్గర, అసోసియేషన్ దగ్గర, అవసరమైతే ఇంకా పైన మీకు పనికొస్తుంది.

ఇక దారి సంగతి. మీరు చెప్పిన దాంట్లోనే సగం జవాబు ఉంది. రాత్రి బెడ్‌రూంలో వస్తోంది, పొద్దున బాత్రూంలో వస్తోంది. అంటే రెండు దారులు. రాత్రిది బాల్కనీ దారి. పొద్దునది డక్ట్ దారి. ఆయన పొద్దున బాత్రూంలో తాగుతున్నారన్నమాట, చాలామంది మగవాళ్లకు ఉన్న అలవాటే ఇది. రెండింటికీ ఒకే మందు లేదు.

డక్ట్ ఎలా పనిచేస్తుందో చెబుతాను. మన దగ్గర అపార్ట్‌మెంట్లలో ఒకదాని మీద ఒకటిగా ఉండే బాత్రూంలన్నీ ఒకే నిలువు ఖాళీలోకి తెరుచుకుంటాయి. పైపులు దాంట్లోనే పోతాయి, పైన ఆకాశానికి తెరిచి ఉంటుంది. లోపలి గాలి బయటికంటే వెచ్చగా ఉన్నప్పుడు అది పైకి లేస్తుంది. కింది బాత్రూం వెంటిలేటర్ నుంచి బయటపడ్డ పొగ ఆ గాలితో పాటే లేచి, దారిలో తెరిచి ఉన్న ప్రతి వెంటిలేటర్‌లోకీ తొంగిచూస్తుంది. చలికాలం పొద్దున్నే ఇది ఇంకా ఎక్కువ, బయట చల్లగా, ఇళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి. అందుకే తాగేది రెండో అంతస్తు అయినా నాలుగు, ఐదు అంతస్తుల వాళ్లు కూడా ఫిర్యాదు చేస్తుంటారు. మీ పై ఇళ్ల వాళ్లను ఒకసారి మామూలుగా అడిగి చూడండి, మీరొక్కరే కాకపోవచ్చు.

కచ్చితంగా తెలుసుకోవడానికి అగరుబత్తి చాలు. పాపను వేరే గదిలో ఎవరి దగ్గరైనా ఉంచి, ఫ్యాన్లన్నీ ఆపి, వెలిగించిన అగరుబత్తిని ఒక్కో సందు దగ్గర పట్టుకోండి. బాత్రూం వెంటిలేటర్, బాత్రూం తలుపు కింద, మెయిన్ డోర్ కింద, ఏసీ పైపు గోడలోకి వచ్చే రంధ్రం, ఇంటర్నెట్ కేబుల్ కోసం కొట్టిన రంధ్రం, వాష్ బేసిన్ కింద పైపు గోడలోకి పోయే చోటు, స్విచ్ బోర్డులు. పొగ మీ వైపు వంగితే అక్కడి నుంచి గాలి లోపలికి వస్తోంది. బయటికి లాగితే ఆ సందుతో ఇబ్బంది లేదు. ఇదే పరీక్ష వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఇంకోసారి చేయండి. తేడా చూసి ఆశ్చర్యపోతారు.

ఎందుకంటే చాలా ఇళ్లలో పొగను లోపలికి లాగుతున్నది ఆ ఎగ్జాస్ట్ ఫ్యానే. వాసన రాగానే కిటికీలన్నీ మూసేసి ఎగ్జాస్ట్ వేస్తాం. అది ఇంట్లో గాలిని బయటికి తోస్తుంది, ఆ ఖాళీ నిండడానికి ఎక్కడో ఒక చోట నుంచి గాలి రావాలి. కిటికీలు మూసి ఉన్నాయి కాబట్టి బాత్రూం వెంటిలేటర్ నుంచి, తలుపుల కింది నుంచి, పైపు రంధ్రాల నుంచి వస్తుంది. పొగ ఉన్నది అక్కడే. పైపు బయటికి పెట్టిన వంటింటి చిమ్నీది కూడా ఇదే కథ. ఎగ్జాస్ట్ వేయాల్సి వస్తే పొగ లేని వైపు ఒక కిటికీ తెరిచి వేయండి, గాలి అక్కడి నుంచి వస్తుంది.

కూలర్ విషయం ఇంకా ముఖ్యం. మీ కూలర్ బాల్కనీలో, బెడ్‌రూం కిటికీకి పెట్టి ఉందని రాశారు. కూలర్ బయటి గాలిని మూడు వైపుల నుంచి గడ్డి గుండా లాగి గదిలోకి కొడుతుంది. తడి గడ్డి దుమ్మును కొంత ఆపుతుందేమో గానీ సిగరెట్ పొగను ఆపదు. కింద బాల్కనీలో ఆయన తాగుతున్న గాలినే మీ కూలర్ గుంజి పాప మంచం మీద వేస్తోంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు కూలర్ ఆపమని చెప్పలేను. జరపమని చెబుతాను. ఫ్లాట్‌కు రెండో వైపు, అంటే ఆ బాల్కనీకి ఎదురు దిక్కున ఉన్న కిటికీకి కూలర్ పెట్టండి. పొగ వచ్చే వైపు కిటికీని నాలుగు వేళ్లంత తెరిచి ఉంచండి. కూలర్ మంచి గాలిని లోపలికి తోస్తుంది, ఆ గాలి బయటికి పోవాలి కాబట్టి పొగ వైపు కిటికీలోంచి పోతుంది. గాలి బయటికి పోతున్న దారిలోంచి పొగ లోపలికి రావడం కష్టం. కూలర్‌కు ఎలాగూ గాలి పోయే దారి ఉండాలి, లేకపోతే గదంతా జిగటగా తేమ పడుతుంది. గది చిన్నదై కూలర్ జరపలేకపోతే, కనీసం ఆయన తాగే ఆ అరగంట కూలర్ ఆపి, ఆ కిటికీ మూసి, హాల్లోంచి గాలి వచ్చేలా చూసుకోండి.

స్ప్లిట్ ఏసీ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ, అది గదిలోని గాలినే తిప్పుతుంది. కాకపోతే పైపు వచ్చే రంధ్రం చుట్టూ సందు వదిలేస్తారు, దాన్ని పూడ్చాలి. విండో ఏసీ అయితే బయటి గాలి కోసం ఒక చిన్న మీట ఉంటుంది, అది మూసి ఉందో లేదో చూడండి.

పూడ్చడం పెద్ద ఖర్చు కాదు. పైపుల చుట్టూ సందులకు సిలికాన్ గానీ ఎం-సీల్ గానీ, పెద్ద రంధ్రమైతే ఫోమ్ కొట్టించి పైన వైట్ సిమెంట్. మెయిన్ డోర్ కింద, బాత్రూం తలుపు కింద రబ్బరు పట్టీ. బాత్రూం వెంటిలేటర్ అద్దాల పలకలు తీసేసి, ఆపినప్పుడు రెక్కలు వాటంతట అవే మూసుకునే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. రెండు బాత్రూంలూ ఒకే డక్ట్ మీద ఉంటే రెండింటికీ పెట్టించాలి, ఒకదాంట్లోంచి తోసింది రెండోదాంట్లోంచి వస్తుంది. వాడని బాత్రూం ఉంటే నేల మీది నహానీ ట్రాప్‌లో (నీళ్లు పోయే జాలీ కింది గుంతలో) వారానికోసారి చెంబుడు నీళ్లు పోయండి, ఎండిపోతే పైపు గాలి లోపలికి వస్తుంది. కిరాయి ఇంట్లో మనం ఎందుకు పెట్టాలి అనిపిస్తుంది. ఓనర్‌ను అడగండి. ఇవ్వకపోయినా ఈ ఖర్చు పాప కోసం పెట్టుకోదగ్గదే.

ఎయిర్ ప్యూరిఫయర్ గురించి అడిగారు. హెపా ఫిల్టర్ పొగలోని నలుసులను బాగా పడుతుంది, వాయువులను, వాసనను పట్టదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉండాలి, అది మందంగా ఉండాలి. పాప పడుకునే గదిలో తలుపు మూసి వాడితే సాయపడుతుంది. దారులు పూడ్చకుండా ఇది కొనడం డబ్బు దండగ. ఓజోన్ వదిలే రకాల జోలికి పోవద్దు, ఆయాసం ఉన్న పిల్లలకు ఓజోన్ హాని. రూమ్ స్ప్రేలు వాసనను కప్పుతాయి, పొగ అలాగే ఉంటుంది.

ఒకటి అడుగుతాను, మరోలా అనుకోకండి. పాపకు స్నానం చేయించాక సాంబ్రాణి వేస్తున్నారా? రాత్రి దోమల కాయిల్ వెలిగిస్తున్నారా? మన ఇళ్లలో సాంబ్రాణి వేయకపోతే పెద్దవాళ్లు ఊరుకోరు, నాకు తెలుసు. కానీ పిల్లికూతలు వచ్చే పాప ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే. కాయిల్ బదులు దోమతెర కట్టండి. సాంబ్రాణి పాప లేని గదిలో, కిటికీలు తెరిచి వేయమని అత్తమ్మకు డాక్టర్ మాటగా చెప్పండి. ఇది ఆరోగ్యం కోసమే కాదు. రేపు మీరు కింది పెద్దాయనతో మాట్లాడినప్పుడు ‘మీ ఇంట్లో సాంబ్రాణి పొగ మాకు రావట్లేదా’ అని ఆయన అనకూడదు. అలా అన్న సందర్భాలు ఉన్నాయి, అక్కడితో మాట ఆగిపోయింది.

ఇప్పుడు మాట్లాడటం. నా మాట ఎక్కువమందికి అడ్డం తిరిగినట్టు అనిపించేది ఇక్కడే. ఆయన్ని సిగరెట్ మానమని అడగకండి. బాల్కనీలో తాగొద్దని కూడా అడగకండి. ఫలానా చోట తాగమని అడగండి. నలభై ఏళ్ల అలవాటును పక్కింటివాళ్లు మాన్పించలేరు, కూతుళ్లే మాన్పించలేకపోతున్నారు. మానమంటే అది ఆయన పరువు మీదికి పోతుంది. చోటు మార్చమంటే అది పాప ఆరోగ్యం సంగతి అవుతుంది. రెండో దానికి ఒప్పుకోవడం ఏ పెద్దమనిషికైనా సులువు.

ఇంకోటి, మన వైపు మనుషులను దృష్టిలో పెట్టుకోండి. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు ఎందరో. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఎండాకాలం తునికాకు కోసి ఇల్లు నడుపుకున్నవాళ్లు ఎందరో. బీడీ, సిగరెట్ అంటే ముఖం చిట్లించి ‘ఛీ’ అన్నట్టు మాట్లాడితే ఆ పెద్దాయనకు ఎక్కడ తగులుతుందో మీకు తెలియదు. పొగ గురించి చెప్పండి, అలవాటు గురించి తీర్పు చెప్పకండి.

వెళ్లే ముందు ఒక నోటు పుస్తకంలో వారం పది రోజులు రాసుకోండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గదిలో, కూలర్ నడుస్తోందా లేదా, పాపకు ఆ రాత్రి దగ్గు వచ్చిందా. ఇది ఆయనకు చూపించడానికి కాదు, మీ మాట స్పష్టంగా ఉండటానికి. ‘ఎప్పుడూ పొగే’ అంటే ఎవరూ నమ్మరు. ‘రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది దాకా’ అంటే ఆలోచిస్తారు.

ఆయన తాగుతున్నప్పుడు వెళ్లకండి. ఆదివారం పొద్దున పదకొండు ప్రాంతంలో, మీరూ మీ ఆయనా కలిసి వెళ్లండి, మాట మీరు మాట్లాడండి. మీ ఆయన కోపం మనిషైతే పక్కన కూర్చుంటే చాలు. ఆ ఇంటి కోడలితో ముందు చెప్పి ఆమె ద్వారా కబురు పంపే ఆలోచన వద్దు, ఆ ఇంట్లో ఆమె తిట్లు తింటుంది. నేరుగా ఆయనతోనే. ఇలా అనండి:

‘బాపూ, మీతోని ఒక మాట చెప్పుకోవాలని వచ్చినం. మా చిన్నదానికి ఆయాసం వస్తున్నది. డాక్టర్ పొగ తగలొద్దన్నడు, ఇగో రాసిచ్చిండు. మీ బాల్కనీ గాలి నేరుగా మా కూలర్లకు వస్తున్నది. కూలర్ జరుపుకున్నం, రంధ్రాలు పూడ్పిచ్చినం, అయినా కొంత వస్తున్నది. రాత్రి పూట జర డాబా మీద తాగితే, పొద్దున బాత్రూంల కాకుండా బయట తాగితే, పిల్ల నిద్రపోతది బాపూ.’

ఇంతే. మీరు మీ వంతు ఏం చేశారో చెప్పడం ఇందులో బలం. అందుకే పూడ్చే పని ముందు చేసి తర్వాత వెళ్లమంటున్నాను.

చోటు మీరే ఆలోచించి పెట్టుకుని వెళ్లండి. డాబా మీద, మెట్ల గదికి దూరంగా, గాలి బయటికి పోయే వైపు అన్నిటికంటే మంచిది. గేటు బయట ఫర్వాలేదు. కింద పార్కింగులో మెట్ల దగ్గర మాత్రం వద్దు. మెట్ల దారి, లిఫ్ట్ గొయ్యి కూడా డక్ట్ లాగే గాలిని పైకి లాగుతాయి, పొగ అన్ని అంతస్తుల గుమ్మాల దగ్గరికీ వస్తుంది. ఆయన బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకోమని కూడా సలహా ఇవ్వకండి, అది పొగను ఇంకా జోరుగా డక్ట్‌లోకి కొడుతుంది. మోకాళ్ల నొప్పులతో డాబా ఎక్కలేనంటే, లిఫ్ట్ పైదాకా లేదంటే, వేళ కుదుర్చుకోండి. రోజూ ఫలానా అరగంట. అప్పుడు మీరు ఆ వైపు మూసుకుంటారు. ఆయన మొదలుపెట్టే ముందు ఒక మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు. చిన్నగా అనిపిస్తుంది గానీ ఇలా కుదుర్చుకుని ఏళ్ల తరబడి గొడవ లేకుండా ఉన్న ఇళ్లు నేను చూశాను.

‘నా ఇల్లు, నా ఇష్టం’ అంటే? అక్కడ జవాబు చెప్పకండి. ‘సరే బాపూ, ఆలోచించండి’ అని లేచి రండి. అప్పటికప్పుడు కాదన్నవాళ్లు చాలామంది రెండు మూడు రోజుల్లో తమంతట తామే పైకి వెళ్లడం మొదలుపెడతారు. గెలిచినట్టు ఎవరికీ చెప్పకండి, ఎప్పుడైనా మర్చిపోయి బాల్కనీలో తాగితే వెంటనే తలుపు తట్టకండి. ఆయన తాగుతున్న ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అలా చేశాక కుదిరిన ఇల్లు నాకు ఒక్కటి కూడా తెలియదు. ఆయనే ఎప్పుడైనా మానాలని ఉందని నోరు తెరిచి అంటే అప్పుడు చెప్పండి, 1800-11-2356 కు ఫోన్ చేస్తే మానేందుకు ఉచితంగా సాయం చేస్తారు. సిగరెట్ పెట్టె మీద కూడా ఆ నంబరే ఉంటుంది.

మాటలతో కాకపోతే అసోసియేషన్. మీరు కిరాయిదారులు కాబట్టి మీటింగులో మీ ఓనర్ ద్వారానే పోవాలి. ఆయనకు నోటితో కాదు, కాగితం మీద రాసివ్వండి. డాక్టర్ చీటీ జిరాక్స్, మీ నోటు పుస్తకంలోని వారం వివరాలు జతచేయండి. ‘సర్దుకోండి’ అని నోటితో అన్న మనిషి కాగితం చూస్తే వేరేగా స్పందిస్తాడు. అసోసియేషన్ ఎవరి ఫ్లాట్ లోపల ఎవరు ఏం చేయాలో శాసించడం కష్టం. లిఫ్ట్‌లో, మెట్ల మీద, కారిడార్లో, పార్కింగులో తాగకూడదని జనరల్ బాడీలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయొచ్చు. డాబా మీద ఒక మూల చూపించి అక్కడ ఇసుక బకెట్ పెట్టొచ్చు. ఇది ఆ పెద్దాయనను వేలెత్తి చూపకుండా దారి చూపించడం కూడా.

మీటింగులో పొగ గురించి చెబితే కొందరు పట్టించుకోరు. నిప్పు గురించి చెప్పండి. బాల్కనీలోంచి విసిరిన సిగరెట్ పీక కింది బాల్కనీలో ఆరేసిన బట్టల మీద, నీళ్లు లేక ఎండిన కూలర్ గడ్డి మీద పడితే ఏమవుతుందో ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది. ఆ భయంతో చేతులెత్తిన తీర్మానాలే ఎక్కువ నిలబడ్డాయి.

మీ విషయంలో కాదు గానీ, పొగ తాగే మనిషి కూడా కిరాయికే ఉంటే పని సులువు. పదకొండు నెలల అగ్రిమెంట్ తిరగరాసేటప్పుడు ఒక షరతు చేర్చమని ఆ ఓనర్‌ను అడగొచ్చు.

చట్టం గురించి ఆశలు పెట్టుకుని రాశారు, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని అందరూ కోట్పా అంటారు. దాని 4వ సెక్షన్ బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధిస్తుంది, 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం జరిమానా 200 రూపాయల దాకా. జనం వచ్చిపోయే చోట్ల గురించి ఆ చట్టం. సొంత ఇంటి లోపలికి, సొంత బాల్కనీకి అది రాదు. లిఫ్ట్, మెట్ల దారి దాని కిందికి వస్తాయని వాదించవచ్చు, అందుకే అసోసియేషన్ బోర్డు మీద ఆ చట్టం పేరు రాయడం మంచిదే. బాల్కనీ పొగ గురించి పోలీసులకు ఫోన్ చేస్తే వాళ్లు వచ్చి చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు, ఆ ఇంటితో మీ సంబంధం మాత్రం తెగుతుంది. బెదిరించినా, మీద చేయి చేసుకోబోయినా అది వేరే విషయం, అప్పుడు ఆలోచించకుండా వెళ్లండి.

సివిల్ కోర్టులో న్యూసెన్స్ దావా వేసి ఇంజంక్షన్, అంటే పొగ ఆపమనే ఉత్తర్వు, అడగొచ్చు. అది ఏళ్ల పని, పాప అప్పటికి బడికి పోతుంది. దానికంటే ముందు హనుమకొండలో అదాలత్ జంక్షన్ దగ్గర కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే తగాదాను లోక్ అదాలత్‌కు తీసుకోవచ్చు, ఫీజు ఉండదు. వివరాలకు 15100. వాళ్లు ఇద్దరినీ పిలిపించి కూర్చోబెడతారు. ఇద్దరూ ఒప్పుకుంటే ఆ ఒప్పందానికి సివిల్ కోర్టు డిక్రీ అంత బలం, దాని మీద అప్పీలు లేదు. ఒప్పుకోకపోతే బలవంతం లేదు. ఇక్కడే డాక్టర్ చీటీ, నోటు పుస్తకం, ఓనర్‌కు రాసిన కాగితం మీ చేతిలో ఉండాలి.

గిర్మాజీపేట, మట్టెవాడ, ఖిలా వరంగల్ వైపు పాత పెంకుటిళ్లలో పోర్షన్లలో ఉండేవాళ్లు కూడా ఇదే బాధ పడుతుంటారు, వాళ్ల కోసం రెండు మాటలు. అక్కడ డక్ట్ కాదు, అడ్డుగోడే సమస్య. పోర్షన్ల మధ్య గోడ చాలా ఇళ్లలో పైకప్పు దాకా పోదు, దూలం ఎత్తులో ఆగిపోతుంది. పక్క పోర్షన్ బీడీ పొగ ఆ పై ఖాళీలోంచి వస్తుంది. కింద ఎన్ని తలుపులు మూసినా లాభం లేదు. ఆ ఖాళీని ప్లైవుడ్‌తోనో జిప్సం బోర్డుతోనో మూయించి అంచులు పూడిస్తే పగటికీ రాత్రికీ ఉన్నంత తేడా తెలుస్తుంది. నయీంనగర్, భీమారం వైపు రూములు తీసుకున్న విద్యార్థులైతే ఓనర్‌ను కామన్ బాత్రూంలో తాగకూడదని బోర్డు పెట్టమనండి, కారిడార్ చివర కిటికీ తెరిపించండి.

ఇవన్నీ చేసి ఒక నెల, నెలన్నర చూడండి. పాప దగ్గు తగ్గితే సరే. తగ్గకపోతే, ఆయన ససేమిరా వినకపోతే ఇల్లు మారండి. ఓడిపోయినట్టు అనుకోకండి. తప్పు మనది కానప్పుడు మనమెందుకు కదలాలి అనే పంతం నాకు అర్థమవుతుంది. రెండేళ్ల పిల్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్నాయి, ఆ పంతం పాప మీద పెట్టకూడదు.

కొత్త ఇల్లు చూసేటప్పుడు పగలు ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వెళ్లండి. బాత్రూంలో తలుపు వేసుకుని ఐదు నిమిషాలు నిలబడండి, డక్ట్ కథ ముక్కుకు తెలిసిపోతుంది. బెడ్‌రూం కిటికీ కింద ఎవరి బాల్కనీ ఉందో వంగి చూడండి. కూలర్‌కు రెండు వైపులా చోటు ఉందో లేదో చూడండి. గాలి సంగతి కూడా గుర్తుంచుకోండి, మన దగ్గర వానాకాలం గాలి ఎక్కువగా పడమటి నుంచి, చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. ఎండాకాలంలో బాగున్న ఇల్లు డిసెంబర్లో అలా ఉండకపోవచ్చు.

మీ ఫ్లాట్‌లో బెడ్‌రూం బాల్కనీ ఏ దిక్కుకు ఉందో, వంటింటి కిటికీ ఏ వైపో, రెండు బాత్రూంలూ ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయో కాదో రాయండి. కాగితం మీద చేత్తో గీసిన ప్లాన్ ఫొటో పెట్టినా చాలు. కూలర్ ఎక్కడికి జరపాలో, ఏ కిటికీ ఎంత తెరవాలో అది చూసి చెబుతాను.